రెండున్నర మూరల పెళ్ళి చీర

సూది మొనతో ఒక్కొక్క కుట్టూ ఎత్తి, దారం లాగి, జాకెట్టు చేతిని విప్పుతూ కూర్చున్నాను. అది బడి టీచరమ్మ జాకెట్టు. కుడి చెయ్యి ఎడమవైపు, ఎడమ చెయ్యి కుడివైపు పెట్టి కుట్టేశాను. జహీరాబాద్‌లో ఆడవాళ్ళ బట్టలు కుట్టడం మొదలుపెట్టి అప్పటికి తొమ్మిదేళ్ళయింది. అయినా రెండు మూడు నెలలకొకసారి ఈ పని చేస్తూనే ఉండేదాన్ని. కుట్టడం కంటే విప్పడం నాకు బాగా వచ్చు. నేర్చుకున్నదే అలాగ.

మా పుట్టిల్లు న్యాల్‌కల్ అవతల, కర్ణాటక గట్టు మీద ఒక పల్లె. ఇంట్లో కన్నడం, చేలో తెలుగు. పెళ్ళయి జహీరాబాద్ వచ్చాను. మా ఆయన చంద్రప్ప బొంబాయి రోడ్డు పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేస్తాడు. 1972లో ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ అమ్ముకుంటుంటే ఒక పాత కుట్టుమిషను తెచ్చి ఇంట్లో పెట్టాడు. నేర్పేవాళ్ళు లేరు. అందుకని ఆయన పెళ్ళి చొక్కా కుట్లన్నీ విప్పి, ముక్కలు నేల మీద పరిచి, ఏది ఎక్కడిదో చూసుకుని మళ్ళీ కుట్టాను. కుట్టాక ఒక ముక్క మిగిలింది. అది ఎక్కడిదో ఈ రోజుకీ తెలియదు. ఆయన ఆ చొక్కా రెండేళ్ళు తొడిగాడు. చెయ్యి పైకెత్తమంటే మాత్రం ఎత్తేవాడు కాదు.

నాకు ఇంకొక గొప్ప కూడా ఉండేది. టేపు వాడేదాన్ని కాదు. జానతో, మూరతో కొలిచేదాన్ని. మోచేతి నుంచి నడిమి వేలి కొస దాకా ఒక మూర. వచ్చినవాళ్ళ ముందు చెయ్యి చాపి కొలుస్తూ, టేపు సాగుతుంది గానీ చెయ్యి సాగదని చెప్పేదాన్ని. వాళ్ళు తల ఊపేవారు. జాకెట్లు సరిపోయేవి కూడా. సరిపోక ఏం చేస్తాయి? కొలిచే చెయ్యీ నాదే, కత్తిరించే చెయ్యీ నాదే.

ఆ టీచరమ్మ జాకెట్టు రెండో చెయ్యి విప్పుతుండగా మనోరమ వచ్చింది. 1981, చలికాలం. ఆమెది చిరాగ్‌పల్లి, అల్లం పండించే ఇల్లు. ఇరవై ఒకటో ఇరవై రెండో ఏళ్ళుంటాయి. నాలుగున్నర అడుగుల మనిషి. మా గడపలోకి తల వంచకుండా వచ్చే ఇద్దరిలో ఒకతె ఆమె. రెండోదాన్ని నేను.

"బసమ్మక్కా, నాకు పెండ్లి చీర కావాలె."

"నేను కుడ్త గని అమ్మనే పిల్లా."

"ఎరుకే. గని నాకు పనికొచ్చేది ఏ దుకాణంల లేదు. నువ్వు నా అంత ఉన్నవ్. నీకెట్లైతదో నాకట్లనే అయితది."

"నీ అంత కాదు. జర ఎక్కువనే," అన్నాను. నేను ఆమె కంటే మూడు వేళ్ళు ఎత్తు. ఆ మూడు వేళ్ళూ చెప్పుకోకుండా ఉండలేకపోయాను.

మనోరమ గడప మీద కూర్చుని జరిగింది చెప్పింది. సదాశివపేట సంబంధం కుదిరింది. నిశ్చయం చేసుకునే పూలు పండ్ల నాడు వాళ్ళమ్మ తన పెద్ద పట్టు చీర ఆమెకు కట్టింది. జానెడు అంచు. నడుము దగ్గర ఎంత దోపినా ఇంకా మిగిలింది. అదంతా పొట్ట మీద మూటలా నిలబడింది. నాలుగడుగులు వేసేసరికి కాలు అంచులో చిక్కింది. ఇద్దరు ఆడవాళ్ళు రెండు చంకల కింద చేతులు పెట్టి ఎత్తి చాప మీద కూర్చోబెట్టారు. అప్పుడు పెళ్ళికొడుకు వదిన అందరికీ వినబడేలా అడిగిందట: "పిల్లకు చీర కట్టిన్రా, చీరకు పిల్లను కట్టిన్రా?"

"అందరు నవ్విన్రక్కా. ఆయన గుడ నవ్వవోయి నన్ను చూసి ఆపుకున్నడు. ఆపుకున్నడు కాబట్టే నేను సరే అన్న," అంది మనోరమ. "గని పెండ్లినాడు నన్నెవ్వలు పట్టుకోవద్దు. ఇంట్లకెల్లి పందిరి దాక నేనే నడవాలె. ఇంకోపారి గట్ల ఎత్తుకపోతే పీటల మీద కూసోను. అమ్మ ఏడ్వని, అవ్వ తిట్టని, కూసోను."

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. ముందే నిర్ణయించుకున్న మాటలా అంది.

"నువ్వు ఫికర్ చెయ్యకు. నేను లేనా?" అన్నాను.

అనేటప్పటికి నా దగ్గర ఏ ఉపాయమూ లేదు. నా నోరు ఎప్పుడూ చేతికంటే పది అడుగులు ముందుంటుంది.

మర్నాడు ఇద్దరం దుకాణాలు తిరిగాం. మొదటి దుకాణంలో గుమాస్తా మమ్మల్నిద్దరినీ చూసి పరికిణీలు, ఓణీలు తీయబోయాడు. పెళ్ళికూతురికి అని చెప్పాక ఎర్ర చీర తీసి మనోరమ భుజం మీద వేశాడు. అద్దంలో చీర కనబడింది, పైన కొప్పు కనబడింది. మధ్యలో మనిషి కనబడలేదు. రెండో దుకాణంలో పన్నా తక్కువ చీర కావాలని అడిగాను. పన్నా అంటే చీర వెడల్పే. అది నడుము నుంచి కాలి దాకా వచ్చే కొలత. అన్ని చీరలకూ పన్నా ఒక్కటేనమ్మా, మనుషులే వేరువేరుగా పుడతారు అన్నాడు దుకాణదారు. అతను ఆరడుగులున్నాడు కాబట్టి అతనికి అది నవ్వులాట.

అక్కడి నుంచి చిరాగ్‌పల్లి వెళ్ళి మనోరమ నాయనమ్మను కలిశాం. ఇంటి పెత్తనం ఆమెదే. అనంతమ్మ. అరుగు మీద కూర్చుని విత్తనపు అల్లం ఏరుతోంది. తల ఎత్తకుండానే రెండు మాటలు చెప్పింది.

"నూట డెబ్బై రూపాయల మీద ఒక్క పైస పెట్టను. ఇంకోటి, పెండ్లి చీరకు కత్తెర తాకనియ్య. మా ఇంట్ల ఆ రివాజు లేదు."

"నాకు తెల్వదా అవ్వా?" అన్నాను.

తెలుసనుకున్నాను. కత్తెర తాకకూడదంటే సూది కూడా తాకకూడదని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. కోత లేదు, కుట్టు లేదు. మరి నాలాంటిదానికి అక్కడ ఏం పని? ఇంటికి వచ్చి రెండు రోజులు ఆలోచించాను. మూడో రోజు ఉపాయం తట్టింది. చీరను తగ్గించకూడదు కాబట్టి, తక్కువగానే నేయించాలి. దాని కంటే తెలివైన ఆలోచన జహీరాబాద్‌లో ఎవరికీ వచ్చి ఉండదని మా ఆయనతో అన్నాను. ఆయన టైరు ట్యూబును నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఊఁ అన్నాడు.

చెన్నబసప్ప అని మా పుట్టింటి వైపు మనిషి, చీరల మూటల వ్యాపారి. నెలకొకసారి బస్సులు మారి ఇల్కల్ వైపు పోయి మగ్గాల దగ్గరే చీరలు కొని తెచ్చేవాడు. ఇల్కల్ చీరకు ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. పూర్తి పట్టు చీరలో సగం ధరకు వస్తుంది, చూడడానికి పెళ్ళి కళ ఉంటుంది. మనోరమను నిలబెట్టి నడుము నుంచి మడమ దాకా నా చేత్తో కొలిచాను. లోపల దోపుకోవడానికి మూడు వేళ్ళు కలిపాను. రెండున్నర మూరలు.

చెన్నబసప్పకు అన్నీ వివరంగా చెప్పాను. దానిమ్మ పువ్వు రంగు. అంచు సన్నగా ఉండాలి, ఎందుకంటే వెడల్పు అంచు పొట్టి మనిషిని అడ్డంగా కోసేస్తుంది. ఒంటి మీద గళ్ళు వద్దు. పన్నా రెండున్నర మూరలు.

"ఎరడూవరె మొళ," అని కన్నడంలో అనుకుంటూ చీటీ మీద రాసుకున్నాడు. రాసి ఆగాడు. "ఇంచుల్ల చెప్పరాదా తంగీ?"

"ఇంచులెందుకన్నా? మూర అంటే మూరనే గద. దేశమంత ఒక్కటే," అన్నాను.

నెలన్నర గడిచింది. పెళ్ళి తొమ్మిది రోజులుందనగా చెన్నబసప్ప చీర తెచ్చాడు. రంగు నేను చెప్పిందే. అంచు నేను చెప్పిందే. నేల మీద చాప వేసి చీర పరిచి, గర్వంగా మోచెయ్యి పెట్టి కొలిచాను. మూడు మూరల మీద ఇంకా మూడు వేళ్ళు. చెయ్యి సరిగ్గా పెట్టలేదనుకుని మళ్ళీ కొలిచాను. మూడో సారి మా ఆయన లోపలికి వచ్చి నిలబడి చూశాడు.

"గిదేందన్నా?" అన్నాను చెన్నబసప్పతో.

"నాకేమెరుక తంగీ? రెండున్నర మొళలే. నా ముందట్నే నేసేటాయన చెయ్యి పెట్టి కొలిచి పోగులు పోసిండు."

"ఆయన ఎంత ఎత్తుంటడు?"

"మగ్గం గుంతల నిలబడ్డా నా భుజం దాక వస్తడు."

మా ఆయన బయటికి పోయి ఇనుప కొలబద్ద తెచ్చి చీర మీద పెట్టాడు.

"నలభై తొమ్మిది ఇంచులు. దుకాణంల చీర నలభై ఎనిమిది ఉంటది. నెలన్నర కూసోవెట్టి ఒక ఇంచు పెద్దగ నేయించినవ్," అన్నాడు. తర్వాత నా మొహం చూసి, "దేశమంత ఒక్కటేనట గద," అని మెల్లగా అనేసి దుకాణానికి పోయాడు. ఆ మాట అనకుండా పోయి ఉంటే బాగుండేది. కానీ ఆయన స్థానంలో నేనుంటే ఇంకా నాలుగు అనేదాన్ని.

ప్రత్యేకంగా నేయించిన చీర తిరిగి తీసుకోరు. ఇంకొకటి కొనడానికి అనంతమ్మ ఒక్క పైసా ఇవ్వదు. మర్నాడు చీర మూట ఒళ్ళో పెట్టుకుని చిరాగ్‌పల్లి బస్సెక్కాను. దారి పొడుగునా చెరకు బళ్ళు అడ్డం వచ్చి బస్సు నిదానంగా పోయింది. ఆ సమయమంతా ఒక అబద్ధం కుట్టుకున్నాను: నేతగాడు ముసలివాడు, చెవుడు, చెప్పింది వినలేదు. ఆయనను నేను చూడనైనా చూడలేదు.

మనోరమ చీర విప్పి నడుము దగ్గర పట్టుకుని కిందికి జార్చింది. జానెడు చీర నేల మీద పడి కుప్పయింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

"అయితే నన్నెవ్వలు పట్టుకోవాల్నో గిప్పుడే చెప్పక్కా," అంది. "జర గట్టిగున్నోల్లను చూడు. పందిరి దూరమున్నది."

బస్సులో కుట్టుకున్న అబద్ధం అక్కడే పిగిలిపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. టేపు లేని సంగతి, మూర సంగతి, చెన్నబసప్ప అడిగినా ఇంచుల్లో చెప్పని సంగతి. మనోరమ గోడకు ఆనుకుని కూర్చుంది. అరుగు మీద అల్లం ఏరుతున్న అనంతమ్మ చెయ్యి ఆగింది.

"మరి లోపలికి మడతేసి కుట్టరాదానె?"

"సూది తాకొద్దంటివి గద అవ్వా."

"నేనెప్పుడంటి?"

"పెండ్లి చీరకు..."

"కత్తెర తాకొద్దన్న. సూదికేమాయె? సూది అతుకుతది, కత్తెర తెంపుతది. రెండు ఒక్కటే ఎట్లైతయే? బట్టలు కుట్టేదానివి, నీకు గది గుడ తెల్వదా?" అని మళ్ళీ అల్లం ఏరడం మొదలుపెట్టింది. "నా పెండ్లి చీరకు మా అమ్మ రెండు మడతలేసి కుట్టింది. ఈడొచ్చినంక విప్పుకుంట ఎత్తు పెరుగుతనని ఆశపడ్డది. యాడ పెరిగిన? ఆ మడతలు అట్లనే చినిగిపాయె."

నెలన్నర కిందట అదే అరుగు దగ్గర నిలబడి ఆ ఒక్క మాట అడిగి ఉంటే, ఏ దుకాణంలోనైనా ఒక చీర కొని వారం రోజుల్లో పని ముగించేదాన్ని. తెలుసన్నాను కాబట్టి అడగలేదు. మనోరమకు ఒకటే మాట చెప్పాను: నాలుగు రోజులియ్యి. ఫికర్ చెయ్యకు అని మాత్రం అనలేదు.

జహీరాబాద్‌లో బస్సు దిగి ముందు ఒక టేపు కొన్నాను. కొలిస్తే మనోరమకు కావలసింది ముప్పై ఎనిమిది ఇంచులు. చీరలో పదకొండు ఎక్కువ. అంచుకు సరిగ్గా పైన, లోపలివైపు అయిదున్నర ఇంచుల లోతున మడత పెట్టాలి. కుట్టు అంచు గీత మీదే పడాలి. అప్పుడు అంచు ఎక్కడ మొదలవుతుందో కుట్టు అక్కడ దాగిపోతుంది.

మొదట మిషను మీద వేశాను. గజం దూరం పోయేసరికి అంచు ముడతలు పడి అప్పడంలా వంకర తిరిగింది. నూలు ఒళ్ళు ఒక బిగువులో ఉంది, పట్టు అంచు ఇంకొక బిగువులో ఉంది. మిషను రెండింటినీ ఒకేలా లాగుతుంది. విప్పేశాను. విప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరని ముందే చెప్పాను.

ఆ తర్వాత చేత్తోనే. చీర కొసన నేతగాడు వదిలిన కుచ్చు పోగుల్లోంచి దారాలు లాగి వాటితోనే కుట్టాను. బయటి దారమైతే రంగు తేడా వస్తుంది. దారం తెంపడానికి పళ్ళున్నాయి. చీర ఇంట్లో ఉన్నన్ని రోజులూ కత్తెర గూట్లోంచి దిగలేదు. పొద్దున వంట అయ్యాక కూర్చుంటే వెలుతురు తగ్గేదాకా. జానకొకసారి ఆపి, పరిచి, అంచు ఎక్కడైనా పట్టేసిందేమో అరచేత్తో నిమిరి చూసేదాన్ని. రెండో రోజు మా ఆయన అన్నం తినడానికి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నీది అతుకే, నాది అతుకే," అన్నాడు. "నాది గాలి పట్టకుంటే తెలుస్తది. నీదెట్ల తెలుస్తది?"

"నడిస్తే తెలుస్తది."

కొంగు దగ్గర చిక్కు వచ్చింది. మడత అలాగే చివరిదాకా పోనిస్తే కొంగు మీది పని సగం లోపలికి పోతుంది. ఉన్నపళంగా ఆపితే అక్కడ గడ్డ కడుతుంది. చివరి గజంలో మడతను వేలి మందం చొప్పున తగ్గించుకుంటూ పోయి, కొంగు మొదలయ్యేచోట సున్నా చేశాను. మూడు సార్లు విప్పాను. నాలుగో సారి కుదిరింది.

లంగాకు బొందు బదులు నడుము చుట్టూ బల్లపరుపు పట్టీ వేశాను, పొట్ట మీద ముడి ఉబ్బకుండా. జాకెట్టు చేతులకు అంచు గుడ్డ అతకలేదు. చేతికి అడ్డంగా ఒక గీత, కింద ఇంకొక గీత పడితే ఉన్న మనిషి మూడు ముక్కలవుతుంది. రెండు చేతుల్లో ఏది ఎటువైపో గుర్తులు పెట్టుకుని, మా పక్కింటామెను పిలిచి చూపించుకుని మరీ కుట్టాను.

పెళ్ళి నాలుగు రోజులుందనగా చిరాగ్‌పల్లి పోయాను. ముంగిట్లో పందిరి గుంజలు పాతుతున్నారు. లోపలి గదిలో మనోరమకు చీర కట్టాను. నడుము దగ్గర దోపింది మూడు వేళ్ళే. మూట లేదు. కుచ్చిళ్ళు పట్టి వదిలితే, లోపలి మడత బరువుకు అవి తిన్నగా జారి నిలబడ్డాయి. అది నేను అనుకున్నది కాదు, మడత తనంతట తాను చేసిన మేలు. మెచ్చుకుంటే మాత్రం నాదే అని చెప్పుకునేదాన్ని. కొంగు పొడవుగా మడమల దాకా వదిలాను. మెడ నుంచి కాలి దాకా ఒకే గీత. అద్దంలో చీర కంటే ముందు మనిషి కనబడింది.

"నడువు," అన్నాను.

గది గడప దాటింది. అరుగు మీదికి వచ్చింది. కిందికి మూడు మెట్లున్నాయి. అరుగు మీద ఉన్న వాళ్ళ పెద్దమ్మ అలవాటుగా లేచి వచ్చి చంక కింద చెయ్యి పెట్టబోయింది.

"ఒద్దు పెద్దమ్మా," అంది మనోరమ.

మొదటి మెట్టు. రెండో మెట్టు దగ్గర ఆగింది. కాలు చిక్కలేదు, ఊరికే ఆగింది, కిందికి చూసుకోవడానికి. అంచు కింద కాలివేళ్ళు కనబడుతున్నాయి. మూడో మెట్టు దిగి, గుంజలు పాతేవాళ్ళ మధ్య నుంచి పందిరి అవతలి చివర దాకా పోయింది. అక్కడ వెనక్కి తిరిగి, ఈసారి కొంచెం వేగంగా వచ్చింది. మెట్లెక్కేటప్పుడు కుచ్చిళ్ళు వేళ్ళతో కాస్త ఎత్తి పట్టుకుంది, ఏ ఎత్తు మనిషైనా పట్టుకున్నట్టే. గుంజలు పాతేవాళ్ళలో ఎవరూ నవ్వలేదు. ఒకతను గడ్డపార ఆపి దారి ఇచ్చాడు.

అనంతమ్మ అరుగు మీద నుంచి మనవరాలి కాళ్ళకేసి చూస్తూ ఉండిపోయింది. తర్వాత చెయ్యి చాపి, అంచు తిరగేసి, లోపలి కుట్టు మీద బొటనవేలు నడిపించింది. గజం దూరం నడిపించింది. నా నోటిదాకా ఒక మాట వచ్చింది గానీ మింగాను.

"మా అమ్మ కుట్టు జర పెద్దగుండె," అంది.

అంతకంటే మెచ్చుకోలు ఆ ఇంట్లో ఎవరికీ దొరికి ఉండదని తర్వాత మనోరమ చెప్పింది.

చీర విప్పించి అరుగు మీద పరిచాను. మడత నలగకుండా ముందు అంచు వైపు, తర్వాత కొంగు వైపు, నాలుగు మడతలు పెట్టాను. లంగా, జాకెట్టు పైన పెట్టాను. అనంతమ్మ లేచి, అల్లం మట్టి అంటిన చేతులు కడుక్కుని, తుడుచుకుని వచ్చింది. ఆమె రెండు చేతులూ చాపితే, చీర ఆ చేతుల్లో పెట్టాను.